బస్తీలో హెచ్‌ఐవీ మందుల వీడియో వేసేటప్పుడు

గుంటూరు మిర్చి యార్డు కూలీలకైతే సాయంత్రం పని దిగాకే పెట్టండి. 20 మందికి మించితే ఎవరూ నోరు విప్పరు. వీడియో 8 నిమిషాలు చాలు. సగంలో ఒకసారి ఆపి ఏం అర్థమైందో అడగండి, లేకపోతే అనుమానాలు ఇంటికే పోతాయి.

గాజు గ్లాసులో గుప్పెడు మిరప గింజలు పోయండి. రోజూ మాత్ర వేసుకుంటే వైరస్ ఇలా తగ్గుతుందని చెంచాతో తీస్తూ చూపండి. రెండు గింజలు మాత్రం అడుగున ఉంచండి. పరీక్షకు అందకపోయినా వైరస్ ఒంట్లో దాక్కునే ఉంటుంది, మాత్ర ఆపితే మళ్లీ పెరుగుతుంది. ఒళ్లు బాగుందని చాలామంది మానేసేది ఇక్కడే. అలా పరీక్షకు అందనంత తగ్గి నిలకడగా ఉంటే లైంగికంగా ఎదుటివారికి సోకదని గట్టిగా చెప్పండి. దంపతులకు కొండంత ధైర్యమిచ్చే మాట అది.

డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్ర వాడేవారు అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్‌ను మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాతే తాగాలి. ముందే తాగేస్తే మాత్రకు 6 గంటలు ఆగాలి. రెండూ కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు.

ప్రశ్నలు చీటీల మీద రాయించి డబ్బాలో వేయించండి. రాయడం రానివారి దగ్గరికి మీరే వెళ్లి చెవిలో అడగండి. వచ్చినవారి ముఖాలు ఫోన్లో తీయనివ్వొద్దు. హెచ్‌ఐవీ చికిత్స ఇచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. హెల్ప్‌లైన్ 1097ను గోడ మీద పెద్ద అంకెల్లో రాసి ఉంచండి.