స్పోర్ట్స్ కారుకు ఇంజిన్ ఆయిల్ ఎలా ఎంచుకోవాలి? డబ్బా ముందు కాదు, వెనుక చదవండి

పోయిన ఎండాకాలం తెలిసినాయన ఒకరు స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ తెచ్చి మా గేటు ముందు ఆపారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నాలుగైదు సెకన్లు ఇంజిన్‌లో చైన్ గలగలమంటోందట. ఈమధ్య ఆయిల్ ఎక్కడ మార్పించారని అడిగితే బిల్లు చూపించారు. అందులో 20డబ్ల్యూ-50 అని ఉంది. షెడ్డు మెకానిక్ "మన ఎండలకి చిక్కటి ఆయిలే పోయాలి సార్, పల్చటిదైతే నీళ్లలా అయిపోతుంది" అన్నాడట. అదంతా దింపేసి సరైన ఆయిల్ పోశాక మర్నాటి నుంచి ఆ చప్పుడు లేదు. ఇలాంటి కార్లు ఏటా నాలుగైదు చూస్తున్నాను. ఇంకొకరి ఇంజిన్ పాడవకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా దగ్గర ఉంచుకోవాల్సినవి: కారు ఓనర్స్ మాన్యువల్, మీ ఇంజిన్ కోడ్ (ఏ రకం ఇంజినో చెప్పే అక్షరాలు), ఫోన్‌లో ఇంటర్నెట్. అంతే.

మాన్యువల్‌లో ఆయిల్ పేజీ తీయండి. అక్కడ మూడు సంగతులు ఉంటాయి: ఎన్ని లీటర్లు, ఏ గ్రేడ్ (చిక్కదనం), ఏ అప్రూవల్ (కారు కంపెనీ ఒప్పుకున్న ఆయిల్‌కి ఇచ్చే కోడ్). ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, మాన్యువల్ లేదంటారా? కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీ మోడల్ సంవత్సరం, ఇంజిన్ సరిపోయాయో లేదో మాత్రం చూసుకోండి. పేరు ఒకటే అయినంత మాత్రాన ఆయిల్ ఒకటే కాదు. 2007లో వచ్చిన వీ8 బీఎండబ్ల్యూ ఎం3కి కంపెనీ 10డబ్ల్యూ-60 చెప్పింది. 2014లో వచ్చిన టర్బో ఎం3కి అది పనికిరాదు. రెండింటి మీదా ఎం3 అనే ఉంటుంది.

ఇక గ్రేడ్ అంకెలు. 5డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. ముందున్న అంకె ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. దాన్ని మైనస్ 30 డిగ్రీల లాంటి చలిలో పరీక్షిస్తారు. అంత చలి మనకు ఎక్కడిది, ఆ అంకెతో మనకేం పని అనుకుంటారు చాలామంది. అక్కడే పొరపాటు జరుగుతోంది. ఇంజిన్‌కి సంబంధించినంత వరకు హైదరాబాద్ పొద్దుటి 25 డిగ్రీలు కూడా చలే. ఆయిల్ పని చేయాల్సింది 100 డిగ్రీల దగ్గర. 40 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 చిక్కదనం 5డబ్ల్యూ-40కి దాదాపు రెట్టింపు ఉంటుంది. అంత చిక్కటి ఆయిల్ పైనున్న క్యామ్‌షాఫ్ట్‌లకూ (వాల్వులు తెరిచే కడ్డీలు), చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్‌కూ ఆలస్యంగా చేరుతుంది. ఆ వీఆర్ఎస్‌లో వినిపించిన గలగల అదే.

రెండో అంకె వేడి మీద చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడ్ ఆయిల్ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి. 0డబ్ల్యూ-40 అయినా 10డబ్ల్యూ-40 అయినా ఇదే లెక్క. అందుకే "జీరో డబ్ల్యూ పల్చగా ఉంటుంది, మన ఎండలకు ఆగదు" అన్న మాటలో నిజం లేదు. వేడెక్కాక రెండూ ఒకే గ్రేడు. పైగా బయట 43 డిగ్రీలున్నా, 28 ఉన్నా, కూలింగ్ సిస్టమ్ బాగున్న కారులో ఆయిల్ వేడి పెద్దగా మారదు. ఆయిల్‌ని కాల్చేది మన ఎండ కాదు, మన కాలు. యాక్సిలరేటర్‌ని ఎంతసేపు నేలకు తొక్కి పెడితే అంత వేడి.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అందరూ తప్పు చేసేది ఇక్కడి నుంచి. కాబట్టి ఈ భాగం నిదానంగా, రెండుసార్లు చదవండి.

షాపుకెళ్లి "ఫైవ్ డబ్ల్యూ థర్టీ ఇవ్వండి" అని అడిగితే సరిపోదు. ఒకే షెల్ఫులో పక్కపక్కనే ఉన్న రెండు 5డబ్ల్యూ-30 డబ్బాలు పూర్తిగా వేరే ఆయిల్స్ కావచ్చు. యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ పెట్టిన తరగతులు చూడండి. ఏ5/బీ5 తరగతి ఆయిల్‌కి 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ సందులో నలిగేటప్పటి చిక్కదనం 2.9 నుంచి 3.5 వరకు ఉంటుంది. సీ3 తరగతికి అదే కొలత కనీసం 3.5 ఉండి తీరాలి. ఈ కొలతను హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. క్రాంక్‌షాఫ్ట్‌కీ దాని బేరింగ్‌కీ మధ్య మిగిలే ఆయిల్ పొర ఎంత దిట్టంగా ఉంటుందో చెప్పేది ఇదే. మైలేజీ కోసం చేసిన ఏ5 ఆయిల్ దానికోసమే తయారైన ఇంజిన్‌లో చక్కగా పనిచేస్తుంది. 3.5 అడిగే టర్బో ఇంజిన్‌లో పోసి ఓఆర్ఆర్ మీద గంటసేపు 120లో పోతే, నష్టం వెంటనే కనిపించదు. మెల్లగా బేరింగ్‌లు అరుగుతాయి. డబ్బా ముందు భాగంలో మాత్రం రెండింటి మీదా ఒకటే అంకె.

అందుకే కార్ల కంపెనీలు తమ సొంత పరీక్షలు పెట్టి, నెగ్గిన ఆయిల్స్‌కి ఒక్కో కోడ్ ఇస్తాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీలకు 502 00, 504 00, 508 00 లాంటివి. మెర్సిడెస్‌కి 229.5. బీఎండబ్ల్యూకి లాంగ్‌లైఫ్-01, లాంగ్‌లైఫ్-04. పోర్షేకి ఏ40. మీరు కాగితం మీద రాసుకున్న అప్రూవల్ ఇదే. డబ్బా వెనక్కి తిప్పి సన్న అక్షరాల్లో వెతకాల్సిందీ దీన్నే.

ఆ కోడ్ కనిపించగానే సంతోషపడిపోకండి. దాని ముందున్న మాట చదవండి. "అప్రూవల్" లేదా "అప్రూవ్డ్" అన్న మాట పక్కన కోడ్ ఉంటే, కారు కంపెనీ ఆ ఆయిల్‌ని పరీక్షించి ఒప్పుకుందని అర్థం. "మీట్స్ ద రిక్వైర్‌మెంట్స్ ఆఫ్", "సూటబుల్ ఫర్ యూజ్", "రికమెండెడ్ ఫర్" అన్న మాటల కింద అదే కోడ్ ఉంటే, అది ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకుంటున్న మాట. కారు కంపెనీ సంతకం లేదు. ఒకే డబ్బా మీద రెండు రకాలూ ఉంటాయి. పైన అప్రూవల్స్ రెండు, కింద రికమెండెడ్ పేరుతో ఆరు. మన కంటికి ఎనిమిదీ ఒకేలా కనిపిస్తాయి. మీ కోడ్ పై రెండింటిలో ఉందా, కింది ఆరింటిలో ఉందా? నేను కింది వాటిని లెక్కలోకి తీసుకోను. మీరూ తీసుకోవద్దు.

అనుమానం వస్తే డబ్బాని అక్కడే పెట్టి ఫోన్ తీయండి. ఆయిల్ కంపెనీ సైట్‌లో ఆ ఉత్పత్తి పేరు మీద టెక్నికల్ డేటా షీట్ ఉంటుంది. అందులోనూ అప్రూవల్స్ ఒక వరుసలో, మిగతావి ఇంకో వరుసలో ఉంటాయి. మెర్సిడెస్ అయితే తను ఒప్పుకున్న ఆయిల్స్ జాబితాని తన సైట్‌లోనే పెడుతుంది. ఉత్పత్తి పేరులో చివరి మాట దాకా పోల్చండి. ఒకే కంపెనీ ఒకే పేరుకి చివర ఒక అక్షరం మార్చి మూడు నాలుగు ఆయిల్స్ అమ్ముతుంది. ఒకసారి నేనే తొందరలో ముందు అంకె, పేరులో మొదటి రెండు మాటలు చూసి ఆరు లీటర్లు కొనుక్కొచ్చాను. ఇంటికొచ్చి వెనుక చదివితే నాకు కావాల్సిన కోడ్ లేదు. పక్కనే ఉన్న డబ్బాలో ఉంది. బిల్లు పట్టుకుని మళ్లీ షాపుకు పోవాల్సొచ్చింది. అప్పటి నుంచి షాపులోనే నిలబడి చదువుతాను, ఎంత ఆలస్యమైనా సరే.

"ఫుల్లీ సింథటిక్" అన్న పెద్ద అక్షరాలను నమ్ముకోకండి. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య ఈ మాట మీద తగువు వచ్చింది. గట్టిగా శుద్ధి చేసిన ముడి చమురు ఆయిల్‌ని కూడా సింథటిక్ అనవచ్చని అక్కడ ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే సంస్థ తేల్చింది. ఇప్పుడు ఆ మాటకు చాలా దేశాల్లో పెద్ద అర్థం లేదు. పరీక్ష నెగ్గిందా లేదా అన్నదే అర్థం. అలాగే రేసింగ్ ఆయిల్స్. డబ్బా మీద రేసు కారు బొమ్మ చూసి కొనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. రేసింగ్ ఆయిల్‌ని కొద్ది గంటల పరుగుకి, వెంటనే మార్చేయడానికి చేస్తారు. రోజూ ఆఫీసుకి వెళ్లే కారులో ఏడాదిపాటు ఉంచడానికి కాదు. చాలా వాటికి కార్ల కంపెనీల అప్రూవల్ కూడా ఉండదు. మీరు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌లో ట్రాక్ డే (సొంత కారుని రేసు ట్రాక్ మీద తిప్పే రోజు) చేసినా సరే, మీ మాన్యువల్ చెప్పిన గ్రేడ్, అప్రూవల్ ఉన్న ఆయిల్‌తోనే వెళ్లండి. తిరిగి వచ్చాక మార్చేయండి. నేను అలాగే చేస్తాను.

కోడ్‌తో పాటు ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) అక్షరాలు కూడా చూడండి. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్ అయితే ఎస్‌ఎన్ ప్లస్ లేదా ఎస్‌పీ అని ఉంటే మంచిది. తక్కువ ఆర్‌పీఎంలో, పెద్ద గేర్‌లో ఒక్కసారి గట్టిగా తొక్కితే సిలిండర్‌లో పెట్రోలు స్పార్క్ కంటే ముందే అంటుకునే ప్రమాదం ఉంది. పిస్టన్ పగిలే దెబ్బ అది. ఆయిల్‌లో శుభ్రం చేయడానికి కలిపే కాల్షియం ఎక్కువైతే ఈ ప్రమాదం పెరుగుతుందని తేలాక, 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ వచ్చాయి. అయితే ఏపీఐ అక్షరాలు అప్రూవల్ కోడ్‌కి బదులు కావు. రెండూ ఒకే డబ్బాలో దొరక్కపోతే కోడ్ ఉన్నదే తీసుకోండి.

ఫోక్స్‌వ్యాగన్ కోడ్‌లలో 504 00 గురించి ఒక మాట. "504 మన పెట్రోలుకి పనికిరాదు, 502 మాత్రమే పోయాలి" అని పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది. అప్పట్లో దానికి కారణం ఉంది. పెట్రోలులో గంధకం ఎక్కువ ఉండేది, బూడిద తక్కువ ఇచ్చే 504 ఆయిల్‌కి ఆ గంధకం వల్ల పుట్టే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి తక్కువ. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. ఆ కారణం పోయింది. మీ మాన్యువల్ 504 అంటే 504 పోయండి. సైలెన్సర్ దారిలో పార్టికులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టేది) ఉన్న కారైతే, బూడిద తక్కువున్న ఆయిలే పోయాలి. లేకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది.

షాపు సంగతి. అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతో కొనండి. డబ్బా మూత, లోపలి సీలు, బ్యాచ్ నంబర్ చూడండి. లూజ్ ఆయిల్, డ్రమ్ము ఆయిల్ ఎవరు పోస్తామన్నా వద్దనండి, సర్వీస్ సెంటర్‌లోనైనా సరే. ఏది పోస్తున్నారో పేరు, కోడ్ బిల్లు మీద రాయమనండి. "సింథటిక్ ఆయిల్ 6 లీటర్లు" అని మాత్రమే రాసిన బిల్లు నాకూ ఒకసారి ఇచ్చారు. ఏం పోశారో ఈనాటికీ నాకు తెలియదు. అప్పటి నుంచి ఆయిల్ నేనే కొని తీసుకెళ్తున్నాను. లీటరు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ, ఇంజిన్ విప్పితే లక్షలు. ఖాళీ డబ్బాలు కూడా మనమే తెచ్చుకుని కన్నం పొడిచి పడేయాలి. లేకపోతే వాటిలోనే నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్ముతారు.

పోయడం సులువే. ఇంజిన్ కొంచెం వేడిగా ఉన్నప్పుడు పాతది దింపాలి. ఆయిల్ ఫిల్టర్, సంప్ ప్లగ్ (పాత ఆయిల్ దింపే అడుగు బిరడా) వాషర్ కొత్తవి వేయాలి. మాన్యువల్ చెప్పినదానికంటే అర లీటరు తక్కువ పోసి, లెవల్ చూసుకుంటూ మిగతాది పోయాలి. వీఆర్ఎస్ 2.0 ఇంజిన్‌కి ఫిల్టర్‌తో కలిపి 5.7 లీటర్లు పడుతుంది. "ఆరు కొన్నాం కదా, ఆరూ పోసేయ్" అనకండి. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ కొలిచే కడ్డీ) చూసేటప్పుడు కారు చదునైన చోట ఉండాలి, ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ లేని కార్లలో స్క్రీన్ మీద వచ్చే కొలతే చూడాలి. అడిటివ్ సీసాలు ఏవీ కలపొద్దు. ఆయిల్ కంపెనీ తూచి కలిపిన మందుల లెక్కని అవి చెడగొడతాయి.

ఎప్పుడు మార్చాలి? మాన్యువల్‌లో 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉండొచ్చు. అయినా టర్బో పెట్రోలు కారైతే 7,500 లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడే మార్చమంటాను. మన సిటీ ట్రాఫిక్‌లో ఇంజిన్ తిరిగే గంటలతో పోలిస్తే కిలోమీటర్లు తక్కువ పడతాయి. రెండు కిలోమీటర్ల ట్రిప్పుల్లో ఆయిల్ సరిగ్గా వేడెక్కకముందే ఇంజిన్ ఆపేస్తాం, దాంతో ఆయిల్‌లో చేరిన పెట్రోలూ తేమా ఆవిరైపోవు. ఇక టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగేది ఆ ఆయిల్ పొర మీదే.

మిగిలిన కొద్ది ఆయిల్‌ని మూత బిగించి డిక్కీలో ఉంచండి. టాపప్ అవసరమైతే దారిలో దొరికిందల్లా కొనక్కర్లేదు. మార్చిన తేదీ, కిలోమీటర్లు, గ్రేడ్, అప్రూవల్ కోడ్ ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అతికించండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి లెవల్ చూడండి, తర్వాత నెలకోసారి.