రెండు దేశాల్లో ప్రజాస్వామ్యం ఎలా మారిందో పోల్చి చూడటం ఎలా?

ఈ ఏడాది స్కోర్లు పక్కపక్కన పెట్టి ఏ దేశం మెరుగో చెప్పేయడం తేలికే. కానీ అందులో ఒకటి పదేళ్లుగా దిగజారుతూ ఉండొచ్చు, ఇంకోటి కోలుకుంటూ ఉండొచ్చు. అది తెలియాలంటే ఏళ్ల తరబడి లెక్క చూడాలి. హంగరీ, పోలండ్‌లతో చేసి చూద్దాం. రెండూ 1989-90లో కమ్యూనిస్టు పాలన నుంచి బయటపడ్డాయి, 2004 మే 1న ఒకే రోజు యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. ఇలాంటి జంట దొరికితే సగం పని అయినట్టే.

ముందు ప్రజాస్వామ్యాన్ని కొలిచే ఒక సూచీని ఎంచుకోండి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ కేంద్రంగా నడిచే పరిశోధన ప్రాజెక్టు వి-డెమ్ 0 నుంచి 1 మధ్య స్కోరు ఇస్తుంది. అమెరికా సంస్థ ఫ్రీడమ్ హౌస్ 100కి మార్కులు వేస్తుంది. దాని పాత 1-7 రేటింగ్‌లో మాత్రం 1 అంటేనే మంచిది, చూసుకోకపోతే తలకిందులుగా చదివేస్తాం. రెండు దేశాలకూ ఒకే సూచీ వాడాలి, డేటా కూడా ఒకే ఏడాది విడుదల చేసిన వెర్షన్‌లోదై ఉండాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఏళ్ల స్కోర్లు కూడా కాస్త మారుతుంటాయి.

వి-డెమ్‌లో ఎన్నికల ప్రజాస్వామ్య సూచీ, ఉదార ప్రజాస్వామ్య సూచీ వేర్వేరు. కోర్టులు, పార్లమెంటు ప్రభుత్వాన్ని ఎంతవరకు అదుపు చేస్తున్నాయో రెండోది చూస్తుంది. మన ఉదాహరణకు అదే కావాలి.

గ్రాఫ్ గీసేటప్పుడు నిలువు గీతను 0 నుంచి 1 వరకు పూర్తిగా ఉంచండి. 0.6 దగ్గర మొదలుపెడితే చిన్న తగ్గుదల కూడా లోయలా కనిపించి ఊరికే టెన్షన్ పెడుతుంది. స్కోరుతో పాటు ఇచ్చే అనిశ్చితి పరిధినీ, అంటే అసలు స్కోరు ఏ హద్దుల మధ్య ఉండొచ్చో కూడా గీయండి. రెండు ఏళ్ల పరిధులు బాగా కలిసిపోయి ఉంటే మార్పు వచ్చిందని గట్టిగా చెప్పలేం.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. గీత ఎక్కడ వంగిందో అక్కడ ఆగి, ఆ ఏడాది ఏం జరిగిందో వెతకాలి. హంగరీ గీత 2010 తర్వాత దిగుతుంది. ఆ ఏడాది అక్కడి నేత విక్టర్ ఓర్బాన్ కూటమి దాదాపు 53 శాతం ఓట్లతోనే మూడింట రెండు వంతులకు పైగా సీట్లు గెలిచింది. ఆ బలంతో తెచ్చిన కొత్త రాజ్యాంగం 2012 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పోలండ్ గీత 2015 ఎన్నికల తర్వాత పడుతుంది. అక్కడ లా అండ్ జస్టిస్ పార్టీకి మెజారిటీ వచ్చింది గానీ రాజ్యాంగాన్ని మార్చేంత బలం రాలేదు. దాంతో మామూలు చట్టాలతోనే కోర్టుల జోలికి వెళ్లింది. 2023 అక్టోబర్‌లో ఓటర్లు ఆ మెజారిటీని తీసేశారు. కొత్త ప్రభుత్వం వచ్చింది డిసెంబర్‌లో, కాబట్టి దాని ప్రభావం కోసం 2024 స్కోరు చూడాలి గానీ 2023ది కాదు.

రెండు దేశాల్లో పతనం మొదలైన ఏళ్లు వేరు కనుక ఆ ఏళ్లను 'సున్నా' అనుకుని గీతలను మళ్లీ పేర్చండి: హంగరీకి 2010, పోలండ్‌కు 2015. ఐదేళ్లకు ఏది ఎంత పడిందో అప్పుడు న్యాయంగా తెలుస్తుంది. తర్వాత మీడియా స్వేచ్ఛ, న్యాయవ్యవస్థ వంటి ఉపసూచీలు విడిగా తెరిచి చూడండి. మొత్తం స్కోరు ఒకేలా పడినా, దెబ్బతిన్న చోటు రెండు దేశాల్లో ఒకటే కాకపోవచ్చు.

చివరగా ఇదే పోలికను ఇంకో సూచీతో చేయండి. రెండిట్లోనూ దిశ ఒకటే అయితే ధైర్యంగా రాయొచ్చు. తేడా వస్తే నచ్చినదాన్ని ఏరుకోకుండా రెండు ఫలితాలూ ఇచ్చి, ఏ సూచీ దేన్ని కొలుస్తుందో పక్కనే రాయండి.