శాలువా కప్పేముందు: వృద్ధాశ్రమంలో మంచి పనివాళ్ళని గుర్తించే పద్ధతి

అక్టోబరు 1, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం. గోదావరి డెల్టాలో ట్రస్టులు నడిపే వృద్ధాశ్రమాల్లో ఆ రోజు ఎవరో ఒక ఆయాకి శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు, ఫొటో దిగుతారు. శాలువా కప్పడంలో తప్పేమీ లేదు. ఎందుకు కప్పారో ఎవరూ చెప్పకపోవడమే లోపం. "నిస్వార్థ సేవ" అన్న మాట ఆయాకీ సరిపోతుంది, బియ్యం బస్తా ఇచ్చిన దాతకీ సరిపోతుంది. ఫలానా పని, ఫలానా విధంగా చేసింది అని విడమరిచి చెబితేనే చేసినావిడకి తన కష్టం ఎవరి కంటోనో పడిందని తెలుస్తుంది. పక్కనున్నవాళ్ళకి కూడా ఇక్కడ దేన్ని మంచి పని అంటారో అర్థమవుతుంది. కింద రాసిన లెక్కలన్నీ ముప్ఫై నలభై మంది పెద్దవాళ్ళు, పదిహేను ఇరవై మంది సిబ్బంది ఉన్న ఆశ్రమానికి సరిపోయేవి.

మొదలెట్టే ముందు ఒక్కటి చూసుకోండి. జీతం నెలనెలా చెప్పిన తారీఖుకి పడుతోందా, వారానికో సెలవు దొరుకుతోందా, గ్లవ్స్, సబ్బు, డెటాల్ అడగకుండానే అందుతున్నాయా? రెండు నెలల జీతం బాకీ పెట్టి ఇచ్చే ప్రశంసాపత్రం అవమానంగానే తగులుతుంది. అవి సరిచేశాకే అవార్డుల సంగతి.

ఏం చూడాలి

ఆయాల పనిలో మంచిచెడ్డలు ఎక్కువగా కంటికి కనబడనివే. మంచం దిగలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పకపోతే నడుం కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం ముందు ఎర్రబడుతుంది, నొక్కినా ఆ ఎరుపు పోదు, తర్వాత పుండు పడుతుంది. పడకపుండు రాలేదంటే ఏమీ జరగనట్టే ఉంటుంది. కానీ దాని వెనక రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకి లేచి తిప్పిన చేతులున్నాయి. అందుకే పొగడ్త మాటలకంటే ముందు తిప్పిన టైము రాసే చార్టు చూడండి. మడమలు చూడండి, గోళ్ళు చూడండి, నోరు శుభ్రంగా ఉందో లేదో, కట్టుడు పళ్ళు రాత్రి తీసి నీళ్ళలో వేస్తున్నారో లేదో చూడండి. చార్టులో నాలుగు టైములూ ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ఒకే ఊపున రాసి ఉంటే అది పొద్దున్నే కూర్చుని నింపిందని అనుమానించాలి.

వంటావిడని రుచితోనే కొలవకండి. షుగరున్నవాళ్ళకి వేళకి తిండి పడుతోందా, బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పు తగ్గించి విడిగా తీస్తోందా, పళ్ళు లేనివాళ్ళకి కూర మెత్తగా మెదిపి పెడుతోందా అన్నది చూడాలి. గోదావరి మనిషికి చేపల పులుసు పూర్తిగా మానమంటే ప్రాణం ఒప్పదు. ముళ్ళెక్కువుండే రకాలు పక్కనపెట్టి కొరమీను తెప్పించి, ఉన్న నాలుగు ముళ్ళూ వేళ్ళతో తడిమి తీసి, అప్పుడు కంచంలో వేసే వంటావిడ ఉంటే ఆవిడ పేరు పుస్తకంలో ఎక్కాల్సిందే.

వాచ్‌మన్ విషయంలో మన దగ్గర ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. చాలా ఆశ్రమాలు కాలవ గట్టు పక్కనే ఉంటాయి. మతిమరుపు జబ్బున్న పెద్దాయన సాయంత్రం "ఇంటికెళ్ళిపోతాను" అంటూ గేటు దాటితే పది అడుగుల్లో నీళ్ళు. అలాంటివాళ్ళని కసరకుండా, చెయ్యి పట్టుకుని, "టీ తాగి వెళ్దురుగాని తాతగారూ" అని వెనక్కి తిప్పుకొచ్చేవాడు ఎన్ని ప్రమాదాలు ఆపాడో లెక్క తేలదు.

తన పొరపాటు తానే చెప్పేవాళ్ళని కూడా మంచి పనివాళ్ళ కిందే లెక్కెయ్యండి. మాత్ర తప్పు ఇచ్చానని వెంటనే నర్సుకి చెప్పిన మనిషి ఒక ప్రాణం కాపాడినట్టే. ఆవిడకి మార్కులు కోస్తే రేపటినుంచి అందరూ దాస్తారు.

హాజరు పట్టీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే నది మధ్య లంక ఊళ్ళలోంచి వచ్చేవాళ్ళకి కాజ్‌వేలు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. ఆ నాలుగు రోజులు రాలేదని పేరు కొట్టెయ్యడం అన్యాయం. వరద హెచ్చరిక వినగానే ముందు రోజే వచ్చి ఆశ్రమంలో పడుకున్నవాళ్ళుంటే, డ్యూటీ దిగినా రిలీవరు రాలేదని ఉండిపోయినవాళ్ళుంటే అది రాసి పెట్టండి. సంక్రాంతి కూడా అంతే. పెద్ద పండక్కి ఊరంతా ఇళ్ళకి చేరుతుంది, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కోనసీమ కదులుతుంది. ఆ మూడు రోజులూ మంచాల దగ్గర ఉన్నది ఎవరో ఏటా వేరుగా రాయండి, పండగయ్యాక వాళ్ళకి జీతంతో మూడు రోజుల సెలవివ్వండి.

సమాచారం ఎలా పోగెయ్యాలి

నర్సు బల్ల మీద ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టండి. తేదీ, షిఫ్టు, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు: ఐదు గళ్ళు చాలు. సిబ్బంది, బంధువులు, నడవగలిగే పెద్దవాళ్ళు ఎవరైనా రాయచ్చు. రాయడం రానివాళ్ళు చెబితే సూపర్‌వైజరు రాయాలి. "బాగా చూసుకుంటుంది" అని రాస్తే "ఏం చేసింది?" అని అడిగి, ఆ పని కూడా రాయించాలి. మేనేజరు సోమవారం సోమవారం చదివి, రాసినదాంట్లో ఉన్న మనిషిని మూడు రోజుల్లోపు పిలిచి నోటితో చెప్పాలి. ఏ అవార్డుకన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది, పైసా ఖర్చులేదు.

పెద్దవాళ్ళ మాట వినడానికి విడిగా టైము పెట్టుకోండి. ఒక్కొక్కరితో పది నిమిషాలు, సిబ్బంది ఎవరూ దరిదాపుల్లో లేకుండా. "ఎవరు బాగా చూస్తారు?" అని అడిగితే "అందరూ మంచోళ్ళేనండి" అంటారు. రేపు అన్నం పెట్టేది వాళ్ళే కదా, ఆ భయం ఉంటుంది. అడగాల్సింది ఇలా: రాత్రి పిలిస్తే ఎవరు వస్తారు, వచ్చేసరికి ఎంతసేపు పడుతుంది? స్నానం చేయించేటప్పుడు తలుపు వేస్తారా, నీళ్ళు వెచ్చగా ఉన్నాయో లేదో చూస్తారా? ఎవరి డ్యూటీ అయితే మీకు ధైర్యంగా ఉంటుంది? మూడో ప్రశ్నకి వచ్చే పేరుకి నేనైతే చాలా విలువిస్తాను.

పక్షవాతంతో మాట పోయినవాళ్ళూ, మతి తప్పినవాళ్ళూ చెప్పలేరు. వాళ్ళ పక్కన కూర్చుని చూడాలి. ఆయా చెయ్యి దగ్గరికి రాగానే ఒళ్ళు బిగుసుకుంటోందా, మొహం పక్కకి తిప్పుకుంటున్నారా, లేక నోరు తెరిచి ముద్ద అందుకుంటున్నారా? ఒళ్ళు బిగుసుకుంటుంటే అవార్డు సంగతి పక్కనపెట్టి ముందు కారణం వెతకండి. కసరడం, గిల్లడం, మంచానికి కట్టడం లాంటి ఫిర్యాదు తేలకుండా ఎవరికీ ఏ సన్మానమూ చెయ్యకూడదు. వృద్ధుల హెల్ప్‌లైను 14567 నంబరు గోడ మీద పెద్దక్షరాలతో ఉండాలి.

ఎవరు ఎంచాలి

ఐదుగురు చాలు: నర్సు, ఒక ట్రస్టీ, ఆశ్రమంలో ఉండే పెద్దల్లో ఒకరు, బంధువుల్లో ఒకరు, బయటినుంచి ఒక రిటైర్డు టీచరో బ్యాంకు ఉద్యోగో. పెద్దవాళ్ళ పట్ల తీరు, పని శుభ్రత, తోటివాళ్ళకి సాయం, ఆపదలో బుర్ర వాడటం: నాలుగింటికీ ఐదేసి మార్కులు, మొత్తం ఇరవై. ఎవరి కాగితం మీద వాళ్ళు రాసి మడిచి ఇవ్వాలి. చేతులెత్తిస్తే ట్రస్టీ ఎటు ఎత్తితే అందరూ అటే. మన ఊరి అమ్మాయి, మన కులం కుర్రాడు అన్న లాగుడు ఉంటుంది, లేదనుకోవడం దండగ. చుట్టరికం ఉన్న సభ్యులు ఆ పేరు వచ్చినప్పుడు మార్కులెయ్యకుండా తప్పుకోవాలి.

పగలు పనిచేసేవాళ్ళే ప్రతిసారీ గెలుస్తుంటే కారణం ఒకటే, మేనేజరు పగలే ఉంటాడు. ప్రతి మూడు నెలల్లో కనీసం ఒక పేరు నైట్ డ్యూటీ నుంచి ఉండాలని నియమం పెట్టండి. నెలకోసారైనా చెప్పకుండా రాత్రి రెండింటికి ఒకరు వెళ్ళి చూడండి. అలాగని వంతులవారీగా అందరికీ పంచకండి, ఆర్నెల్లలో ఆ అవార్డుకి విలువ పోతుంది. తగినవాళ్ళు లేని నెల ఇవ్వకుండా వదిలెయ్యచ్చు.

ఏం ఇవ్వాలి

ఏడాదికి పాతిక వేలు పెట్టుకుంటే సరిపోతుంది: నెలకి ఒకరికి వెయ్యి చొప్పున పన్నెండు వేలు, ఏడాది చివర నలుగురికి మూడేసి వేల చొప్పున పన్నెండు వేలు, పత్రాలకీ ఫ్రేములకీ వెయ్యి. ట్రస్టు సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయండి, వోచరు మీద సంతకం తీసుకోండి, లేకపోతే ఆడిటరు అడిగినప్పుడు వెతుక్కోవాలి. పెద్దవాళ్ళ దగ్గర ఈ పేరు చెప్పి పది రూపాయలు కూడా పోగెయ్యకూడదు.

డబ్బయితే ఖాతాలో వెయ్యండి, నలుగురిలో కవరు చేతిలో పెట్టద్దు. వస్తువైతే మూడు చెప్పి ఒకటి కోరుకోమనండి: పాతిక కిలోల బియ్యం బస్తా, జూన్‌లో పిల్లల పుస్తకాలు, వానాకాలానికి మంచి రెయిన్‌కోటు. ఆయాల్లో చాలామంది కోరుకునేది జీతంతో ఒకరోజు సెలవు. ఆ రోజు రిలీవరుని పెట్టే పూచీ మీది. బాగా చేస్తుందని కష్టమైన గదులన్నీ ఆవిడకే అప్పజెప్పడం మాత్రం మహా తప్పు, నడుం పట్టేసి ఏడాదిలో మానేస్తుంది.

వలంటీర్ల దారి వేరు. వాళ్ళకి డబ్బివ్వకండి, దారి ఖర్చులు అడిగితే మాత్రం ఇవ్వండి. పుట్టినరోజుకి పళ్ళు పంచి వెళ్ళేవాళ్ళు దాతలు, వాళ్ళకి ఒక థాంక్స్ చాలు. వారం వారం వచ్చి గడ్డాలు గీసే మంగలి, పేపరు చదివి వినిపించే రిటైర్డు మాస్టారు, గుండీలు పెట్టుకోలేని చేతులకి జాకెట్లకి వెల్‌క్రో కుట్టే దర్జీ, అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళే ఆటో అతను: వలంటీర్లంటే వీళ్ళు. వచ్చిన టైము, వెళ్ళిన టైము రిజిస్టర్లో రాయించి ఏడాది గంటలు కూడి పత్రంలో వెయ్యండి. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) కాలేజీ పిల్లలకి ఏడాదికి 120 గంటల సేవ ఉండాలి కాబట్టి ఆ లెక్క వాళ్ళకి అక్కరకొస్తుంది.

పత్రం, సభ

అవార్డుకి దాత పేరు పెట్టేకంటే, వేళాపాళా చూడకుండా ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టడం ఈ నేలకి తగినది. పత్రం తెలుగులో రాయండి, ఇంటిపేరు ముందు, అక్షరదోషం లేకుండా. మూడు వాక్యాలు చాలు: "జూలై నెలంతా నాలుగో గదిలో నైట్ డ్యూటీ చేశారు. మంచం దిగలేని ఆరుగురిని రెండు గంటలకోసారి తిప్పారు. ఒక్కరికీ పుండు పడలేదు." పెద్దవాళ్ళ పేర్లు, జబ్బులు అందులో రాయకూడదు. ముందురోజే ఆ మనిషికి చదివి వినిపించండి. సభలో మాట్లాడమని బలవంతపెట్టద్దు.

సభ సాయంత్రం నాలుగున్నరకి మొదలెట్టి అయిదుంపావుకి ముగించండి. అప్పటికి నైట్ డ్యూటీవాళ్ళు నిద్ర లేచి ఉంటారు, ఎనిమిదింటి డ్యూటీకి ముందే వచ్చి కూర్చోగలరు. పెద్దవాళ్ళు ముప్పావుగంట మించి కూర్చోలేరు. చేతులున్న కుర్చీలు వెయ్యండి, ముందు బాత్రూముకి తీసుకెళ్ళి రండి, మైకు సౌండు తగ్గించండి, వినికిడి మిషను పెట్టుకున్నవాళ్ళకి గోల భరించరానిది. పత్రం ట్రస్టీ చేత కాకుండా ఆశ్రమంలోని మామ్మగారి చేతో తాతగారి చేతో ఇప్పించండి. అడగకుండా ఎవరి ఫొటో తియ్యద్దు, మతి సరిగా లేనివాళ్ళవి అసలే వద్దు.

మిఠాయిల దగ్గర జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకు పొడిపొడిగా ఉంటుంది, మింగడం కష్టమైనవాళ్ళకి పొలమారుతుంది. తాపేశ్వరం కాజా పళ్ళు లేనివాళ్ళు నమలలేరు. పళ్ళు లేనివాళ్ళకి చిక్కటి సగ్గుబియ్యం పాయసం చెంచాతో పెట్టండి, మింగడం కష్టమైనవాళ్ళకీ షుగరున్నవాళ్ళకీ నర్సుని అడిగి.

మానేసి వెళ్ళేవాళ్ళని కూడా ఇదే పద్ధతిలో పంపండి. కాకినాడ, రాజమండ్రి ఆస్పత్రులకో, కువైట్‌లో ఇంటిపనికో వెళ్ళే ఆయాకి ఉత్త అనుభవ పత్రం కంటే చేతనైన పనుల జాబితా ఎక్కువ అక్కరకొస్తుంది: ముక్కు గొట్టంతో ఆహారం పెట్టడం, యూరిన్ బ్యాగు మార్చడం, మంచం మీద స్నానం చేయించడం, వాకరుతో నడిపించడం, ఎన్నేళ్ళు, ఎంతమందిని చూసింది. తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి రాసి, ముద్ర వేసి, ఆఖరి జీతంతో పాటు అదే రోజు చేతికివ్వండి.