పరీక్ష నెలలో డేట్ పడితే: ముందు వారం బుగులుకు ఇప్పుడే సిద్ధం కండి

హాల్ టికెట్ చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం, ఆ రోజుకు డేట్, అంటే నెలసరి, వస్తుందా రాదా అని. ప్యాడ్లు, కడుపునొప్పి మాత్ర, ముదురు రంగు డ్రెస్, ఇవన్నీ గుర్తుపెట్టుకుంటాం. డేట్‌కు ముందు వచ్చే వారం గురించి మాత్రం ఎవరూ లెక్క వేయరు. నేను చూసినంతలో పరీక్షను ఎక్కువగా దెబ్బకొట్టేది ఆ వారమే.

నేను హన్మకొండ నయీంనగర్‌లో నలుగురం కలిసి ఉండే గదిలో రెండేళ్లు పోటీ పరీక్షలకు చదివాను. నెలలో మూడు వారాలు బాగానే గడిచేవి. నాలుగో వారం వచ్చేసరికి రాత్రి పన్నెండింటికి గుండె దడదడలాడేది, అరచేతులు చెమట పట్టేవి, చదివింది ఒక్క ముక్క కూడా గుర్తులేదని బుగులు పుట్టేది, పక్క మంచం అమ్మాయి పేజీ తిప్పిన చప్పుడుకు కూడా కోపం వచ్చేది. ఒకసారి బ్యాగు సర్దుకొని, ఇక చదువు నావల్ల కాదని తెల్లారి బస్సుకు ఊరికి పోయాను. మరునాడు డేట్ వచ్చింది. ఇంకో రెండు రోజులకు మనసు తేటపడింది, ఎందుకు వచ్చానో నాకే అర్థం కాలేదు. అప్పుడు అమ్మ గోడ మీది క్యాలెండర్ చూపించి, "నెలనెలా గిట్లనే ఫోన్ జేసి ఏడుస్తున్నవ్ బిడ్డా, నేను గుర్తు పెట్టిన చూడు" అన్నది. పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ పక్కన, నేను ఏడ్చి ఫోన్ చేసిన రోజులకు చిన్న చిన్న చుక్కలు. ఐదు నెలల చుక్కలు. ఒక్కొక్కటీ నా డేట్‌కు మూడు నాలుగు రోజుల ముందే ఉన్నది. ఆ చుక్కలు చూశాకే నా భయానికి కూడా ఒక తేదీ ఉన్నదని తెలిసింది.

అసలు లోపల జరిగేది ఇది. రక్తస్రావం మొదలైన రోజును ఒకటో రోజు అనుకోండి. అప్పుడు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రెండూ తక్కువగా ఉంటాయి. తర్వాత ఈస్ట్రోజన్ మెల్లగా పెరుగుతూ అండం విడుదలయ్యే ముందు బాగా పైకి పోతుంది, ఆ రోజుల్లో చాలామంది హుషారుగా ఉంటారు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వంతు. అందులోంచి అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం తయారై, మెదడును నెమ్మదింపజేసే గాబా వ్యవస్థ మీద పనిచేస్తుంది. లెక్క ప్రకారం మనిషి శాంతపడాలి. కొందరి మెదడుకు మాత్రం ఈ ఎక్కడం దిగడం పడదు, శాంతపరచాల్సిన పదార్థమే వాళ్లలో చిరాకును, గాబరాను లేపుతుంది. గర్భం రాకపోతే చివరి రోజుల్లో రెండు హార్మోన్లూ పడిపోతాయి, ఈస్ట్రోజన్‌తో పాటు మూడ్‌ను నిలబెట్టే సెరటోనిన్ పని కూడా తడబడుతుంది. ఇంకో మాట కూడా తెలుసుకోండి: బాగా ఇబ్బందిపడే వాళ్లలోనూ, ఏమీ కాని వాళ్లలోనూ హార్మోన్ల మోతాదు సాధారణంగా ఒకేలా ఉంటుంది. తేడా అంతా ఆ మార్పులను మెదడు తీసుకునే తీరులో ఉన్నది. కాబట్టి రక్తపరీక్షలో హార్మోన్లు నార్మల్ వచ్చాయి కదా, ఇదంతా నీ భ్రమ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎండాకాలం పరీక్షలకు ఇంకో చిక్కు ఉన్నది. అండం విడుదలయ్యాక ఒంటి వేడి అర డిగ్రీ సెల్సియస్ దాకా పెరుగుతుంది, ఊపిరి కూడా కొంచెం ఎక్కువగా తీసుకుంటాం. మే నెలలో వరంగల్, రామగుండం ఎండలకు ఇది తోడైతే రాత్రి నిద్ర పట్టదు, పొద్దున గుండె వేగం పెరుగుతుంది, దాన్ని మనం "నాకేదో అవుతున్నది" అనుకుంటాం. అక్కడి నుంచి భయం తనంతట తానే పెరుగుతుంది.

ఇక తేదీలు లెక్కవేసే పద్ధతి. చాలామంది డేట్ వచ్చిన రోజు నుంచి ముందుకు పద్నాలుగు లెక్కపెడతారు. అది 28 రోజులకోసారి డేట్ వచ్చేవాళ్లకే సరిపోతుంది. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల దాకా ఉన్నా మామూలే, మారేది ఎక్కువగా మొదటి సగమే, అండం విడుదలయ్యాక మిగిలేది దాదాపు రెండు వారాలు. అందుకే రాబోయే డేట్ నుంచి వెనక్కి లెక్కించండి. మే 20న డేట్ రావాలంటే అండం మే 6 అటు ఇటు, జాగ్రత్త పడాల్సిన వారం మే 13 నుంచి 19. మీ ఎప్‌సెట్ ఆ మధ్యలో పడిందా చూసుకోండి. అయితే ఒకటి, టెన్షన్‌తోనో జ్వరంతోనో అండం ఆలస్యమైతే డేట్ కూడా ఆలస్యమవుతుంది, దాంతోపాటు ఆ కష్టమైన వారమూ పక్కకు జరుగుతుంది. కాబట్టి గీసుకున్న తేదీలకు అటు ఇటు మూడు రోజులు కలుపుకోండి.

పరీక్షకు కనీసం రెండు మూడు నెలల ముందు నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు రాసుకోవడం మొదలుపెట్టండి. ఫోన్‌లో యాప్ అయినా సరే, నోట్‌బుక్ చివరి పేజీ అయినా సరే. భయం, కోపం, ఏడుపు, నిద్ర, గుండెదడ, ఈ ఐదింటికి సున్నా నుంచి మూడు దాకా అంకె వేయండి, మూడు అంటే ఆ రోజు పని ఆగిపోయిందని. జ్ఞాపకం మీద రాయొద్దు, బాధలో ఉన్నప్పుడు నెలంతా ఇట్లనే ఉన్నదనిపిస్తుంది, తగ్గాక ఏమీ కాలేదనిపిస్తుంది. రెండు నెలలు నిండాక చూడండి. డేట్‌కు ముందు అంకెలు పెరిగి, వచ్చిన కొద్దిరోజుల్లో పడిపోయి, తర్వాత వారం దాదాపు సున్నాలు ఉంటే ఇది నెలసరితో ముడిపడ్డదే. నెలంతా రెండు ఉండి ఆ వారం మూడు అయితే, మీకు ముందే ఉన్న ఆందోళన ఆ వారంలో ముదురుతున్నదని అర్థం, దానికే వైద్యం కావాలి. ఏ వరసా లేకుండా ఉంటే కారణం వేరే ఎక్కడో ఉన్నది.

డాక్టర్ దగ్గరికి ఆ పేజీ పట్టుకొని పోండి. నేను మొదటిసారి ఉత్త చేతులతో పోతే, పెళ్లయితే అదే తగ్గుతదని చెప్పి పంపించారు. రెండు నెలల అంకెలు చూపించిన తర్వాతే ఇంకో డాక్టర్ కూర్చోబెట్టి అడిగారు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడమనండి. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, రక్తం తక్కువైనా మెట్లెక్కితే దడ, ఆయాసం వస్తాయి, థైరాయిడ్ ఎక్కువైనా అంతే. రెండిటికీ వేరే మందులున్నాయి. బాధ పని ఆగిపోయేంత తీవ్రంగా ఉంటే దానికి పేరు కూడా ఉన్నది, ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్, పీఎండీడీ అంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యులు దీన్ని ప్రత్యేక జబ్బుగా గుర్తించారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఉన్నది. కొద్దిమందికే వస్తుంది గానీ వచ్చిన వాళ్లకు మందు ఉన్నది. సెరటోనిన్ మీద పనిచేసే మాత్రలు మామూలు డిప్రెషన్‌లో పట్టు దొరకడానికి వారాలు తీసుకుంటాయి, దీంట్లో కొద్దిరోజుల్లోనే పనిచేస్తాయి, అందుకే కొందరికి నెలలో చివరి రెండు వారాలే ఇస్తారు. మొదట్లో వికారం, నిద్ర మారడం ఉండొచ్చు కాబట్టి పరీక్ష వారంలో కాదు, రెండు మూడు నెలల ముందే మొదలవ్వాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది, అక్కడికి పోవడానికి సిగ్గుపడకండి.

డేట్ వాయిదా వేయడానికి వేసుకునే మాత్రల గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. బతుకమ్మకు, మేడారం జాతరకు, ఇంట్లో పెళ్లికి మన దగ్గర ఎంతోమంది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొని వేసుకుంటారు. అది నోరెథిస్టిరాన్, ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోనే. డేట్ ఆగుతుంది, నిజమే, కానీ కొందరికి అవి వేసుకున్నన్ని రోజులూ మనసు కుంగిపోతుంది, కడుపు ఉబ్బుతుంది, తల నొస్తుంది. ఆపిన రెండు మూడు రోజులకు డేట్ వస్తుంది, అది సరిగ్గా రెండో పేపర్ రోజు కావొచ్చు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, గర్భం ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు. తప్పదనుకుంటే డాక్టర్‌ను అడిగి వేసుకోండి, మొదటిసారి ప్రయోగం మాత్రం పరీక్షకు చేయకండి.

నిద్ర పట్టడం లేదని రూమ్మేట్ ఇచ్చే ఆల్ప్రజోలం మాత్ర కూడా వద్దు. మన ఊళ్లలో కల్తీ కల్లులో కలుపుతున్నారని పట్టుకునే మందుల్లో ఇదొకటి. తొందరగా అలవాటైపోతుంది, తెల్లారి మత్తు వదలదు, చదివింది నిలబడదు, అలవాటయ్యాక ఒక్కసారి ఆపితే వణుకు, ఫిట్స్ దాకా పోతుంది.

ఆ వారంలో రోజు నడిచే తీరు మార్చండి. కొత్త చాప్టర్లు, కష్టమైన మాక్ టెస్టులు డేట్ అయిపోయిన తర్వాతి పది రోజుల్లో పెట్టుకొని, ఈ వారానికి రివిజన్ మాత్రమే ఉంచుకోండి. మాక్ టెస్టులో మార్కులు పడిపోయి రంది పెట్టుకున్నవాళ్లు అది ఏ రోజు రాశారో చూసుకోండి, నాకు అట్లనే అర్థమైంది. మధ్యాహ్నం తర్వాత చాయ్ బంద్ చేయండి, సాయంత్రం తాగిన చాయ్‌లోని కెఫిన్ పడుకునే వేళకు కూడా ఒంట్లో ఉంటుంది, అది చేసే దడను భయం అనుకుంటారు. శుక్రవారాలు, శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఆ వారానికి మానండి, దేవుడు ఏమీ అనుకోడు, ఖాళీ కడుపు వణుకు భయాన్ని రెట్టింపు చేస్తుంది. సర్వపిండి ముక్కో, పల్లీలో, రెండు అరటిపండ్లో దగ్గర పెట్టుకోండి. పొద్దున ఎండెక్కక ముందే భద్రకాళి చెరువు కట్ట మీదనో, మీ వీధిలోనో అరగంట నడవండి.

పెద్ద నిర్ణయాలు ఆ వారం తీసుకోకండి. గది ఖాళీ చేయడం, కోచింగ్ మానేయడం, ఎవరితోనైనా తెగతెంపులు చేసుకోవడం, రాత్రి రెండింటికి పెద్ద మెసేజ్ పెట్టడం. అనిపించింది కాగితం మీద రాసి మడిచి పెట్టండి, డేట్ వచ్చిన ఐదో రోజు తీసి చదవండి. కొన్నిసార్లు ఐదో రోజు కూడా ఆ మాట నిజమే అనిపిస్తుంది, ఇంటి ఓనర్ నిజంగానే సతాయిస్తుండొచ్చు, అప్పుడు ధైర్యంగా గది మారండి.

ఇంట్లో ఒక్కరికైనా ముందే చెప్పండి. అన్నదమ్ములకు, భర్తలకు నాదొక విన్నపం: గొడవ మధ్యలో "డేట్ దగ్గరపడ్డదా ఏంది?" అని అడగకండి. అది నిజమే అయినా ఆ క్షణాన అవమానంగానే తగులుతుంది. అన్నం పెట్టండి, బట్టలు ఆరేయండి, పక్కన కూర్చోండి.

ఇది మాత్రం ఎవరూ తేలిగ్గా దాటేయొద్దు. ఆ వారంలో కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంది. రెండు రోజుల్లో తగ్గుతుందని తెలిసినా ఒంటరిగా ఉండి ఆగకండి, వెంటనే దగ్గరి మనిషిని లేపండి, 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 108. పల్లెల్లో తల్లిదండ్రులు పత్తి చేనుకు తెచ్చిన పురుగుమందు డబ్బాలను ఇంట్లో చేతికందేటట్టు ఉంచొద్దు, వేరే చోట తాళం వేసి పెట్టండి. ఆ ఉప్పెన కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు చేతికి ఏమీ దొరక్కపోతే ప్రాణం నిలుస్తుంది.

పరీక్ష రోజు. రోజూ తినేదే తినండి, కొత్తవి వద్దు. డేట్ ఇంకా రాకపోయినా ప్యాడ్ పెట్టుకొని పోండి, ఆ అనుమానం ఒకటి తగ్గుతుంది. నొప్పి మాత్ర ఏదైనా తిన్న తర్వాతే. హాల్లో కూర్చున్నాక దడ మొదలైతే పెన్ను కింద పెట్టి, పాదాలు నేలకు ఆనించి, నాలుగు అంకెల పాటు ఊపిరి పీల్చి ఆరు అంకెల పాటు వదలండి, పదిసార్లు. ఇలాంటి గాబరా సాధారణంగా పది నిమిషాల్లో పైకి పోయి తర్వాత దానంతట అదే దిగుతుంది, మూడు గంటల పేపర్‌లో పది నిమిషాలు పోతే పోనీయండి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పినట్టు అవడం మొదటిసారి వస్తే మాత్రం భయమే అనుకొని ఓర్చుకోవద్దు, ఇన్విజిలేటర్‌కు చెప్పండి. బయటికి వచ్చాక కీ చూడకుండా గదికి పోయి పడుకోండి, సాయంత్రం లేచాక ఆ రోజు అంకెలు కూడా రాయండి, వచ్చే నెల తేదీలు ఆ పేజీలోంచే లెక్కకట్టాలి.