గేమ్ కాన్సెప్ట్ ఆర్టిస్ట్ అవ్వాలంటే ఎలా? బెంగళూరులో మొదలుపెట్టేవాళ్ల కోసం

మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే: "అన్నా, నేను బొమ్మలు బాగా గీస్తా. గేమ్ కంపెనీలో ఉద్యోగం వస్తుందా?" ఫోన్ తీసి చూపిస్తారు. నోరు తెరిచిన డ్రాగన్, కత్తి పట్టిన వీరుడు, వెనక ఎర్రటి ఆకాశం. నిజంగానే బాగుంటాయి. నేనూ ఒకప్పుడు అలాంటివే పట్టుకుని తిరిగాను. ఒక స్టూడియోలో నా ఫోల్డర్ అంతా ఓపిగ్గా చూసిన ఆర్ట్ లీడ్ (బొమ్మల టీమ్‌కి పెద్ద) ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ కవచం తొడుక్కున్నాక ఇతను మోచెయ్యి ఎలా వంచుతాడు?" నా దగ్గర జవాబు లేదు, ఉద్యోగమూ రాలేదు. కానీ ఈ పనంతా ఆ ప్రశ్నలోనే ఉందని తర్వాత అర్థమైంది.

గేమ్‌లో కనిపించే మనిషి, ఇల్లు, బండి, ఆయుధం ఎలా ఉండాలో త్రీడీలో కట్టకముందే గీసి తేల్చడం కాన్సెప్ట్ ఆర్టిస్ట్ పని. ఆ బొమ్మను ఆట ఆడేవాళ్లు ఎప్పటికీ చూడకపోవచ్చు. దాన్ని చూసేది పక్క సీట్లో కూర్చుని దాన్ని త్రీడీలో కట్టే మోడలర్. ఒక పాత్రను త్రీడీలో పూర్తి చేయడానికి వారాలు పడుతుంది. తప్పు స్కెచ్ దశలోనే దొరికితే కాసేపట్లో దిద్దుకోవచ్చు. అందుకే స్టూడియోలు ఈ పనికి జీతం ఇస్తాయి.

ముందు చెయ్యి తిరగాలి

పర్‌స్పెక్టివ్, శరీర నిర్మాణం, వెలుగునీడలు. ఈ మూడింటికీ అడ్డదారి లేదు. ఉన్న ఉద్యోగం మానకుండానే రోజుకు గంట కేటాయించండి. పర్‌స్పెక్టివ్‌కి లాల్‌బాగ్ గాజు మేడ ముందు కూర్చోండి. 1889లో పునాది వేసిన ఆ కట్టడంలో ఇనుప కమానుల వరుసలు దూరం వెళ్లేకొద్దీ ఎలా చిన్నవవుతాయో గీస్తే, పది వీడియోలు చూసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. మనుషుల కోసం తెల్లవారుజామున కేఆర్ మార్కెట్ పూల వరసలకు వెళ్లండి. వంగేవాళ్లు, బుట్ట ఎత్తేవాళ్లు, గొంతుక్కూర్చుని మాల కట్టేవాళ్లు అక్కడ మీకోసం ఆగరు, కాబట్టి చెయ్యి వేగం నేర్చుకుంటుంది.

పరికరాల గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. నాలుగైదు వేల రూపాయల్లో వచ్చే చిన్న పెన్ టాబ్లెట్ చాలు. బొమ్మలకు క్రిటా, త్రీడీకి బ్లెండర్, రెండూ ఉచితమే. ఫోటోషాప్ తర్వాత నేర్చుకోవచ్చు.

ఒక్క వస్తువును చివరిదాకా తేల్చండి

అసలు నేర్చుకునేది ఇక్కడే. మీకు మీరే ఒక బ్రీఫ్, అంటే ఏం గీయాలో చెప్పే నాలుగు మాటలు, రాసుకోండి. ఉదాహరణకు: వరదలో సగం మునిగిన ఊరు. ఆటగాడు అలసిపోయినప్పుడు ఆగి ఓపిక తెచ్చుకునే చోటు, ఒక చెరకు రసం బండి. దూరం నుంచే గుర్తుపట్టాలి.

ముందు నిజమైన బండి దగ్గరికి వెళ్లి ఒక గ్లాసు తాగండి. గడను రోలర్ల మధ్యకు ఎలా తోస్తున్నాడు, మడిచి నిమ్మకాయతో మళ్లీ ఎలా పెడుతున్నాడు, పిప్పి ఎక్కడ పడుతోంది, చక్రానికి గజ్జెలు ఎందుకు కట్టాడు? అడిగి, అనుమతి తీసుకుని ఫోటోలు తీయండి. నెట్‌లో దొరికే బొమ్మలు మాత్రమే చూసి గీస్తే, అందరూ గీసిందే మీరూ గీస్తారు. వేషధారణ కావాల్సి వస్తే, అనంతపురం వైపు ఇంటికి వెళ్లేటప్పుడు లేపాక్షిలో దిగండి. 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు గుడి పైకప్పు మీద ఉన్నాయి. ఆ చీరల అంచులు, పొడవాటి కుళ్లాయిలు ఏ ఫాంటసీ గేమ్‌కైనా పనికొస్తాయి.

తర్వాత తపాలా బిళ్లంత సైజులో, నలుపు ఒక్కటే వాడి, ఇరవై ముప్పై ఆకారాలు గీయండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు చూశారా? ఎన్ని రంగులు అద్దినా, తెర మీద బొమ్మ అంచు కనబడగానే అది రావణుడో హనుమంతుడో పిల్లలు కూడా చెప్పేస్తారు. మీ బండికీ ఆ గుర్తు ఉండాలి.

మూడు ఎంచుకుని కారణాలు వెతకండి. నీళ్లలో చక్రాలు పనిచేయవు, కాబట్టి బండి ఖాళీ డ్రమ్ముల మీద తేలాలి. పిప్పి ఆరబెట్టాలంటే చోటు కప్పు మీదే. అలా పైన పేరుకున్న పిప్పి కుప్పే దూరం నుంచి గుర్తుగా మారుతుంది. చీకట్లో కూడా గజ్జెల చప్పుడు దారి చూపిస్తుంది. ఇలా ఒక్కో కారణం దొరుకుతుంటే బొమ్మ దానంతటదే కొత్తగా తయారవుతుంది. నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

ఇప్పుడు బ్లెండర్‌లో డబ్బాలతో బండిని పేర్చి, పక్కన మనిషి బొమ్మ నిలబెట్టండి. బల్ల అతని నడుము దగ్గరకు వస్తోందా? చివరగా షీట్ తయారు చేయండి: ముందు, పక్క, వెనక వైపుల బొమ్మలు, మనిషితో పోల్చిన కొలత, ఏది తుప్పు పట్టిన ఇనుమో ఏది నానిన చెక్కో చెప్పే గుర్తులు, తిరిగే భాగం ఎటు తిరుగుతుందో చూపే బాణాలు.

పోర్ట్‌ఫోలియో

ఉద్యోగం కోసం చూపించే ఫోల్డర్‌లో ఇలాంటి ప్రాజెక్టులు మూడో నాలుగో చాలు. ముప్పై విడి బొమ్మలకంటే ఇవే బలం. ఆర్టిస్టులు తమ పని చూపించుకునే వెబ్‌సైట్ ఆర్ట్‌స్టేషన్‌లో పెట్టండి, వదిలేసిన చిత్తు ఆకారాలతో సహా. ఏఐతో తయారైన బొమ్మను మీదిగా చూపించకండి. ఇంటర్వ్యూలో "ఇది ఇలాగే ఎందుకు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

బెంగళూరులో అవకాశాలు

1997లో ఇక్కడ మొదలైన గేమ్ స్టూడియో ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో రాక్‌స్టార్ గేమ్స్ కొనుక్కుంది. మొబైల్ గేమ్‌ల కంపెనీ జింగా 2010 నుంచి ఇక్కడ ఉంది. అయితే ఒక నిజం ముందే తెలుసుకోండి. ఇక్కడి స్టూడియోల్లో చాలా పని విదేశీ గేమ్‌లకు త్రీడీ వస్తువులు చేసిపెట్టడం. కాన్సెప్ట్ తరచుగా అటునుంచే వస్తుంది. అందుకే ఈ ఉద్యోగాలు త్రీడీ వాటికంటే తక్కువ. మొబైల్ గేమ్‌ల టూడీ ఆర్ట్, ఐకాన్లు, బ్యాక్‌గ్రౌండ్ల పని వస్తే తీసుకోండి. లోపలికి వెళ్లాక మారడం తేలిక. ఉద్యోగంలో గీసినవి మాత్రం గేమ్ విడుదలై, కంపెనీ అనుమతి ఇచ్చేదాకా బయట పెట్టకూడదు.

ఉద్యోగానికి ముందు గీసి చూపించమని ఆర్ట్ టెస్ట్ ఇస్తే, గడువు ఎంత, డబ్బు ఇస్తారా అని మొదటే అడగండి, అందులో తప్పు లేదు. పంపే ముందు త్రీడీ చేసే స్నేహితుడికి షీట్ చూపించి, ఏమీ వివరించకుండా కూర్చోండి. అతను అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబును ఆ షీట్ మీదే గీసి, అప్పుడు పంపండి.