88 మి.మీ. ఫ్లాక్ మోడల్ కిట్ ఎంచుకునేటప్పుడు
రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ 88 మి.మీ. ఫ్లాక్ (విమానాలను కూల్చే ఫిరంగి) కిట్ కొనేముందు ఏ రకమో తేల్చుకోండి: ఫ్లాక్ 18, 36, 37. ఫిరంగిని లాక్కెళ్లే రెండు బండ్లలో, ఫ్లాక్ 18 ముందు బండికి ఒంటి చక్రాలు, వెనక బండికి జంట చక్రాలు. 36కి రెండింటా జంటలే. 37కి గుర్తు: గురి సమాచారం అందుకునే డయళ్లు. విమానాలపై ఎక్కుపెట్టి నిలపాలంటే కవచం లేకుండా బిగించే వీలుందో చూడండి.

1/35 స్కేల్‌లో (అసలు ఫిరంగిలో 35వ వంతు) ఫిరంగి గొట్టం సుమారు 14 సెం.మీ., 1/72లో 7. అల్మరా కొలుచుకోండి.

గొట్టం రెండు సగాలుగా వస్తే అతుకు గీతను సాండ్‌పేపర్‌తో రుద్దేసరికి గుండ్రం పోతుంది. మోడల్ అందం చెడేది ముఖ్యంగా ఇక్కడే. లోహపు గొట్టం ఉన్న కిట్‌కు కాస్త ఎక్కువైనా పెట్టండి. ఇత్తడి రేకు భాగాలకు ప్లాస్టిక్ సిమెంట్ పట్టదు, సూపర్ గ్లూ కావాలి. తొలి కిట్ అయితే ఆ రేకులు తక్కువున్నదే తీసుకోండి.