మిగిలిన కోడికూర మర్నాటికి ఎండిపోకుండా

విజయనగరంలో సిరిమానోత్సవం నాడు ఇల్లంతా చుట్టాలతో నిండిపోతుంది కనుక, ఎంత లెక్క వేసి వండినా మా ఇంట్లో కోడికూర కొంత మిగులుతూనే ఉంటుంది. ఆ కూరను రాత్రంతా పొయ్యి మీదే మూతపెట్టి ఉంచి, పొద్దున్న మరిగిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. కొన్ని సూక్ష్మజీవులు విడిచే విషపదార్థాలు మరిగించినా పోవు. వండిన 2 గంటలలోపు, మన ఎండాకాలపు ఉక్కలోనైతే గంటలోపే, కూర ఫ్రిజ్‌లోకి చేరాలి.

పెద్ద గిన్నెను అలాగే లోపల పెడితే నడుమ భాగం చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది. అందువల్ల 2 అంగుళాల లోతుకు మించని స్టీలు డబ్బాలలోకి సర్ది, ముక్కలు మునిగేటట్లు పులుసు పోసి మూత బిగించాలి. వేపుడైతే, బాణలి అడుగున మిగిలిన నూనెనూ మసాలానూ గరిటెతో గీకి ముక్కల మీదనే వేయాలి. లేకపోతే ఫ్రిజ్‌లోని పొడిగాలి మాంసంలోని తడిని లాగేస్తుంది. మర్నాడు మూత తీసినప్పుడు పులుసు జున్నులా గడ్డకట్టి కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది ఎముకల నుంచి దిగిన జిగురు, వేడి తగలగానే కరిగిపోతుంది.

తినేంత కూర మాత్రమే వేరే గిన్నెలోకి తీసి, రెండు చెంచాల వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి, ముక్క లోపలి దాకా పొగలు కక్కేటట్లు సన్నని సెగ మీద కాచాలి. 4 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో కూర 3, 4 రోజులు నిలుస్తుంది గానీ, కరెంటు పోయి వస్తూ ఉండే చోట నేను 2 రోజులకు మించి నమ్మను.